తీగతో పాటు వచ్చిన వాన

ఆటవస్తువుల మ్యూజియంలో పరిశోధకురాలి ఉదయాలన్నీ ఒకేలా మొదలయ్యేవి. వచ్చీరాగానే బల్లమీది కాగితాలు ఏరి బీరువాలో పెట్టి తలుపు బిగించేది. టీవీకి ప్లాస్టిక్ తొడుగు తొడిగేది. నేలమీద టబ్బు, పక్కన తుడుపుగుడ్డ పెట్టుకుని, తను రెయిన్‌కోటు వేసుకుని, అప్పుడు ఆ రోజు వంతు వచ్చిన వీడియో గేము డబ్బాకి కరెంటు ఇచ్చేది. తెరమీద బొమ్మ పడేలోపే కప్పు నుంచి వాన మొదలయ్యేది. కొన్ని డబ్బాలకి తుంపర, కొన్నిటికి జల్లు. పక్క గదివాళ్ళు తలుపు సందులోంచి తల పెట్టి అడిగేవాళ్ళు.

"ఇవాళ ఎంత పడింది?"

"నిన్నటికంటే ఎక్కువే."

"అయితే మెట్లమీద గోనెపట్టా వేస్తాం. మొన్న పెద్దసారు జారారు."

ఆమె రాస్తున్నది దొంగ వీడియో గేముల చరిత్ర. అసలు కంపెనీ డబ్బా కొనలేని ఇళ్ళకి చవగ్గా దొరికిన నకళ్ళు అవి. ఒక తరం పిల్లలు వాటితోనే పెరిగారు. అసలు డబ్బాల గురించి లావుపాటి పుస్తకాలున్నాయి, మ్యూజియంలో వాటికి అద్దాల పెట్టెలున్నాయి. నకళ్ళ గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. చేసినవాళ్ళు దొంగపని కాబట్టి చెప్పుకోలేదు. కొన్నవాళ్ళు లేమి కాబట్టి చెప్పుకోలేదు. "దొంగ సరుక్కి చరిత్రేమిటమ్మా" అని పెద్దసారు మొదట్లో గొణిగారు గానీ, ఓ వారం పోయాక ఆయనే వాళ్ళ అటకమీది డబ్బా ఒకటి సంచీలో తెచ్చి, చడీచప్పుడూ లేకుండా ఆమె బల్లమీద పెట్టి వెళ్ళారు. దానిది మంచి జల్లు.

ఎవర్ని కదిపినా వాన సంగతి మామూలుగానే చెప్పేవాళ్ళు. మంచం కింద దూరి ఆడుకునేవాళ్ళమని ఒకరు, పరుపులు తడుస్తున్నాయని అమ్మ వీపు చిట్లగొట్టేదని ఇంకొకరు. వాన వచ్చే డబ్బాల్ని జనం తొందరగా పారేశారు. అవి దొరక్కపోవడానికి అదీ ఒక కారణం.

ఆ వాన ఎలా వచ్చిందో ఆమెకి డబ్బాలు విప్పాకే తెలిసింది. నకలు తీసేవాళ్ళ పద్ధతి ఒకటే. ఎక్కడో ఒక అసలు డబ్బా సంపాదించి, మూత విప్పి, లోపలి బోర్డుని గీత గీతా చూసి దించుకోవడం. ఏ గీత ఎందుకుందో వాళ్ళకి అనవసరం. మక్కీకి మక్కీ అంటారు చూడండి, అచ్చంగా అదే. వాళ్ళకి దొరికిన అసలు డబ్బా అప్పటికే ఒకసారి పాడై బాగైనది. బోర్డుమీద ఒక గీత కాలిపోతే, బాగుచేసిన మనిషి ఈ మూల నుంచి ఆ మూలకి పైనుంచి పసుపు తీగ ఒకటి లాగి అతికాడు. గీతలు దించే పనివాళ్ళకి అది మరమ్మతని ఎవరూ చెప్పలేదు, కంపెనీవాళ్ళ తెలివనుకున్నారు. కాలిన గీత లేని కొత్త బోర్డుల మీద కూడా, ఏ పనీ లేని ఆ పసుపు తీగని బుద్ధిగా అతికిస్తూ పోయారు, వేలాది డబ్బాల్లో. అంత నమ్మకంగా దించుకునేసరికి, ఆ తీగ అతికిన మధ్యాహ్నం బయట పడుతున్న వాన కూడా తీగతో పాటు వచ్చేసింది.

నకలుకి నకలు, దానికి మళ్ళీ నకలు తీసేకొద్దీ తీగ పొట్టిదైంది, వాన పలచబడింది. కాబట్టి ఎంత గట్టిగా కురిస్తే డబ్బా అంత పాతదన్నమాట. పరిశోధకురాలు నీళ్ళు కొలిచేది అందుకే.

మూతపడుతున్న ఒక క్షవరం దుకాణంలో, తల గొరిగించుకోవడానికి వచ్చే పిల్లలు ఏడవకుండా పెట్టిన డబ్బా ఒకటి ఆమెకి దొరికింది. కరెంటు ఇవ్వగానే టబ్బు నిండి పొర్లింది. వానతో పాటు రేకుల మీద చినుకుల మోత, కాలుతున్న టంకం వాసన కూడా గదిలోకి వచ్చాయి. ఆ మోతలో ఒక ఆడమనిషి గొంతు. "…వెళ్తున్నా…" అని వినిపించింది. ముందుమాటలూ వెనకమాటలూ వానలో కలిసిపోయాయి. ఆఖర్న ఒక మగమనిషి "ఊ" అన్నాడు. తలుపు వేసిన చప్పుడైంది. ఆమె ఆ డబ్బాని ఆపి మళ్ళీ పెట్టింది, మళ్ళీ ఆపింది, మళ్ళీ పెట్టింది. ఎన్నిసార్లు పెట్టినా అంతే. ఇన్నాళ్ళూ తీగలూ గీతలూ చూసుకుంటూ వచ్చిన మనిషికి, ఇందులో ఎవరిదో కాపురం ఉందని మొదటిసారి తోచింది.

తీగ ఫొటో పట్టుకుని ఆమె మరమ్మతుల వీధికి వెళ్ళింది. విడిభాగాలమ్మే ఆవిడ ఫొటోని వెలుగులోకి తిప్పి చూసింది.

"తీగని రెండు చుట్లు చుట్టి అప్పుడు అతికేది రేడియో బాబాయి ఒక్కడే. మిగతావాళ్ళం చుక్క వేసి వదిలేస్తాం. ఆ చివర రేకులు కప్పిన కొట్టు ఆయనదే. వెళ్ళి ఊరికే కూర్చోకు, పలకరించు. నువ్వు పలకరించకపోతే ఆయన నిన్ను చూడడు. పలకరిస్తే ఇక పని చెయ్యడు."

నిజమే. రేడియో బాబాయి ఇరుకు కొట్టులో దీపం కింద తల వంచుకుని ఉన్నాడు. "బాబాయి గారూ" అనగానే చేతిలోని టంకం కడ్డీని స్టాండులో పెట్టి, దాని స్విచ్చి ఆపి, కళ్ళజోడు తీసి, తల పూర్తిగా ఎత్తి చూశాడు. ఎవరేమడిగినా ఆయన అలాగే చేస్తాడు. చేతులు ఖాళీ చేసుకుంటే గానీ మాట వినడు, సగం మాటతో జవాబివ్వడు. రేడియో తొందరగా బాగవ్వాలంటే నోరు మూసుకుని కూర్చోవాలని వీధిలో అందరికీ తెలుసు.

"ఈ అతుకు మీదేనా?"

"నాదేనమ్మా. ఎక్కడ దొరికింది నీకు?"

"ఎక్కడపడితే అక్కడే ఉందండీ. దొంగ గేము డబ్బాలన్నిటిలో."

ఆయన ఆశ్చర్యపోలేదు. ఆ డబ్బాల సంగతి బాగుకి వచ్చేవాళ్ళ నోట ఆయన ముందే విన్నాడు. "వాన కూడా వస్తోందా?" అన్నాడు.

"వస్తోంది."

"ఎంతవరకు వినపడుతోంది?"

"ఒకావిడ 'వెళ్తున్నా' అంటారు. మిగతాదేమీ తెలియడం లేదు. చివర ఒకాయన 'ఊ' అంటారు."

"అది నేనే," అన్నాడు రేడియో బాబాయి. "ఆమె నా భార్య. ఏమందో నాకూ తెలీదు."

తరవాత సంగతంతా ఆయన నెమ్మదిగా, ఏ ముక్కా మింగకుండా చెప్పాడు. ఆ రోజు పొద్దున భార్యాభర్తలు పోట్లాడుకున్నారు. "తల ఎత్తని మనిషితో ఎంతకాలమని కాపురం చెయ్యను, ఏదో ఒకరోజు వెళ్ళిపోతా" అని ఆమె అంది. కోపంలో ఎవరైనా అనే మాటే. మధ్యాహ్నం నకలు కార్ఖానా మనిషి ఒకడు పాడైపోయిన గేము డబ్బా తెచ్చి, సాయంత్రానికి కావాలని కూర్చున్నాడు. వాన కుండపోతగా పడుతోంది. ఆయన తీగ అతుకుతున్నాడు. ఆమె గుమ్మం దగ్గర నిలబడి ఏదో అంది. ఆయన తల ఎత్తకుండా "ఊ" అన్నాడు. ఆమె వెళ్ళింది. మళ్ళీ రాలేదు. ఆ రోజు పెద్దకాలవ పొంగి రోడ్డుమీదికి వచ్చింది. కాలవ లాక్కుపోయిందని కొందరన్నారు. అలాంటావిడ బస్సెక్కుతుంటే చూశామని ఇంకొందరన్నారు. మనిషీ దొరకలేదు, కబురూ దొరకలేదు. బడి గేటు దగ్గర చీకటిపడేదాకా నిలబడ్డ వాళ్ళ పాపని అమ్మమ్మ వచ్చి తీసుకెళ్ళి, తన దగ్గరే పెంచింది. దొంగ డబ్బాల మీద సోదాలు మొదలైనప్పుడు కార్ఖానావాళ్ళు అసలు డబ్బాని గుడ్డలో చుట్టి ఈయన కొట్లో పడేసి పారిపోయారు. ఆ మూట ఇప్పటికీ పై అరలో ఉంది.

"ఒక్కసారి కూడా పెట్టి చూడలేదా?"

"లేదమ్మా. భయం." ఆయన పై అర వైపు చూడలేదు. "కాలవలో పోయిందనుకుని ఏడుస్తాను. వదిలేసి పోయిందనుకుని ఏడుస్తాను. ఏదో ఒకటి తేలిపోతే తట్టుకోగలనో లేదో."

పరిశోధకురాలికి ఆ మూట తన పుస్తకానికి ఎంత కావాలో తెలుసు. చెయ్యి చాస్తే అందే దూరంలో ఉంది. అలా అనుకున్నందుకు తనమీద తనకే సిగ్గేసింది.

"అది పెట్టాలో వద్దో మా అమ్మాయి చెప్పాలి," అన్నాడాయన. "నాకు ఆ హక్కు లేదు. దానికి ఒక్కటే తెలుసు, వాళ్ళమ్మ దాన్ని వదిలేసి పోయిందని. నేను కాదని చెప్పలేకపోయాను. ఎలా చెప్తాను, వినలేదుగా!"

కూతురు ఊరికి ఆ చివర, ఇంటి ముందుగదిలోనే కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతోంది. పరిశోధకురాలు వెళ్ళేసరికి కౌంటరు పక్కన తాళం వేసిన బట్టల పెట్టె ఒకటి ఉంది. వెనక గదిలో ఆమె భర్త అద్దాలు అరగదీస్తున్నాడు.

కళ్ళజోళ్ళావిడ అంతా విని, చేతిలోని ఫ్రేము తుడుస్తూనే ఉంది.

"నాకక్కర్లేదండీ. వెళ్ళిపోయినావిడ వెళ్తున్నా అనే అంటుంది. ఇంకేమంటుంది?"

"ముందు ఏదో ఉంది. అది వినపడటం లేదు."

"బడి గేటు దగ్గర నేను నిలబడ్డాను కదా, నాకు వినపడింది చాలు." ఆమె ఫ్రేముని దాని డబ్బీలో పెట్టి లోపలికి వెళ్ళింది.

భర్త యంత్రం ఆపి బయటికి వచ్చాడు. మెత్తటి మనిషి, నోట్లో నాలుక లేనట్టు కనిపిస్తాడు. "ఆదివారం వెళ్ళిపోతుందటండీ," అన్నాడు పెట్టె చూపించి. "నామీద కోపమా అంటే కాదంది. ఇంకెవరైనా ఉన్నారా అంటే లేదంది. ఇంతకుముందు రెండు ఊళ్ళు, మూడు ఉద్యోగాలు ఇలాగే వదిలేసింది. బాగా కుదురుకున్నాక తనకి భయం మొదలవుతుంది. ఎవరో వదిలేసేలోపు తనే వదిలేసి పోవాలి. నేనేం చేస్తే నమ్ముతుందో నాకు తెలియడం లేదు."

పరిశోధకురాలు రేకుల కొట్టు దారి ఒక చీటీ మీద గీసి, శనివారం మధ్యాహ్నం అక్కడ ఎదురుచూస్తామని రాసి, కౌంటరు మీద పెట్టి వచ్చేసింది.

శనివారం మధ్యాహ్నం ఎండ చిటపటలాడుతుండగా కళ్ళజోళ్ళావిడ స్కూటరు మీద రేకుల కొట్టుకి వచ్చింది. అంతకుముందు వచ్చిన పరిశోధకురాలు రేడియో బాబాయి రేడియోల మీద పట్టా కప్పడానికి సాయం చేస్తోంది. తండ్రీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకుని చాలా రోజులైంది. బాగున్నావా అంటే బాగున్నావా అనుకున్నారు.

"వెళ్ళేముందు వినేసి పోదామని వచ్చాను," అంది కూతురు. "ఇంకేం ఆశ పెట్టుకోకు నాన్నా."

"పెట్టుకోలేదమ్మా."

ఆయన మూట దించి విప్పాడు. కొట్లోని పాత టీవీకి తీగలు పరిశోధకురాలు కలిపింది. స్విచ్చి మాత్రం కూతురు వేసింది.

వాన ఒక్కసారిగా విరుచుకుపడింది. తుంపర కాదు, జల్లు కాదు, కుండపోత. పైన రేకులు ఎండలో కాలుతూనే ఉన్నాయి, వాటి కింద గదంతా హోరు. టంకం పొగ వాసన. గుమ్మం దగ్గర గాజుల చప్పుడు. ఆడమనిషి గొంతు ఇంత దగ్గరగా, ఇంత మామూలుగా పలికింది.

"ఏమండీ, పాప గొడుగు మర్చిపోయి బడికెళ్ళింది. తీసుకురావడానికి వెళ్తున్నా. వాన మరీ జోరుగా ఉంది, కాసేపు ఆగి వెళ్ళమంటారా?"

చినుకుల మోత. ఆమె జవాబు కోసం ఆగిందని తెలుస్తూనే ఉంది.

"ఊ."

"ఏమిటి ఊ? సరే, వెళ్తున్నా. బడి వదిలేస్తారు."

తలుపు వేసిన చప్పుడు. కూతురు స్విచ్చి ఆపింది. వాన ఆగింది. ముగ్గురి జుట్లలోంచీ నీళ్ళు కారుతున్నాయి.

కళ్ళజోళ్ళావిడ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని స్టూలు మీద కూర్చుండిపోయింది. "నా కోసమే బయల్దేరింది," అంది. ఆ మాటని రెండోసారి అనబోయి ఏడ్చేసింది. చిన్నపిల్ల ఏడ్చినట్టే, నోరు తెరిచి, ముక్కు కారుతూ ఏడ్చింది.

రేడియో బాబాయి ఏడవలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "అడిగింది," అన్నాడు. "ఆగమంటావా అని నన్ను అడిగింది. ఆగమంటే ఆగేది. నేను తలెత్తలేదు."

కూతురికి అప్పుడు ఏ మాటైనా అనే హక్కుంది. పరిశోధకురాలు ఆ మాట కోసం భయపడుతూ చూసింది. కళ్ళజోళ్ళావిడ కొంగుతో మొహం తుడుచుకుని, తండ్రి చేతులవైపు చూసింది.

"ఆ వేళ నువ్వు విని ఉంటే ఏమనేవాడివి?"

"ఆగమనేవాణ్ణి. కాదు, నేనూ వస్తానుండు అనేవాణ్ణి."

"అయితే చెప్పు నాన్నా. ఇప్పుడు వింటున్నావుగా."

ఆమె స్విచ్చి మళ్ళీ వేసింది.

వాన మొదలైంది. పొగ వాసన, గాజుల చప్పుడు. ఏమండీ, పాప గొడుగు మర్చిపోయి బడికెళ్ళింది. ఆయన గోడని వదిలి గుమ్మానికి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. తల ఎత్తి చూశాడు. కాసేపు ఆగి వెళ్ళమంటారా, అంది గొంతు. ఎప్పటిలాంటి "ఊ" పలికేలోపే ఆయన గబగబా అన్నాడు.

"ఆగు. నేనూ వస్తా. ఇద్దరం కలిసి వెళ్దాం."

చినుకుల మోత ఒక్కటే వినిపించింది. ఎంతసేపో. తరవాత గొంతు, కొంచెం ఆశ్చర్యంగా, "మరి చేతిలో పని?" అంది.

"పని ఎక్కడికీ పోదు."

"అయితే చెప్పులేసుకోండి. బడి వదిలేస్తారు."

రేడియో బాబాయి చెప్పులేసుకున్నాడు. తలుపు వెనక కొక్కేనికున్న గొడుగు తీసి విప్పాడు. ఆయన గడప దాటగానే గదిలో వాన ఆయన వెంట వీధిలోకి వెళ్ళిపోయింది. టీవీ తెరమీద ఆటబొమ్మ ఎవరూ ఆడించకపోయినా నిలబడి ఉంది. ఎదుటి కొట్టువాడు ఆయన్ని చూసి, ఆరబెట్టిన చొక్కాలు గబగబా లోపలికి తీసుకున్నాడు.

కళ్ళజోళ్ళావిడ స్కూటరు తాళాల కోసం తడుముకుంది. "ఆ బడి ఇంకా అక్కడే ఉందంటారా?"

"ఉంది. ఇవాళ సెలవు," అంది పరిశోధకురాలు.

"ఉంటే చాలు. వాళ్ళు వచ్చేసరికి నేను అక్కడుండాలి."

ఇద్దరూ స్కూటరెక్కి సందుల్లోంచి అడ్డదారిన వెళ్ళారు. బడి గేటుకి కొత్త రంగు వేశారు గానీ గేటు అదే. కళ్ళజోళ్ళావిడ స్కూటరు దూరంగా పెట్టి, తను వెళ్ళి గేటుకి ఎడమ పక్కన నిలబడింది. ఎండకి నెత్తి మాడుతున్నా నీడలోకి జరగలేదు. నలభై దాటిన మనిషి, పుస్తకాల సంచీ ఉన్నట్టు రెండు చేతులూ భుజాల దగ్గర పెట్టుకుని వీధి మలుపు వైపే చూస్తోంది. పరిశోధకురాలు చెట్టు కిందే ఆగిపోయింది. ఇది రాసుకోవలసినదో కాదో ఆమెకి తెలియలేదు. పుస్తకమూ పెన్నూ సంచీలోనే ఉన్నాయి, తీయబుద్ధి కాలేదు.

ఎంతకీ రాలేదు. కాలవ దగ్గర ఆలస్యమై ఉంటుంది. కళ్ళజోళ్ళావిడ ఒకసారి స్కూటరు వైపు తిరిగింది కూడా. ఎవరికోసమైనా ఇంతసేపు ఎదురుచూడటం ఆమె ఎప్పుడో మానేసిన పని. తిరిగిన మనిషి మళ్ళీ గేటువైపు తిరిగి నిలబడింది.

అప్పుడు మలుపులో గొడుగు కనిపించింది. వీధంతా ఎండ కాస్తోంది, ఆ గొడుగు చుట్టూ మాత్రం వాన. రేడియో బాబాయి గొడుగుని పూర్తిగా కుడివైపు వంచి పట్టుకుని నడుస్తున్నాడు. ఆయన ఎడమ భుజం, సగం వీపు తడిసి ముద్దయ్యాయి. గొడుగు కింద ఆయన పక్కన ఇంకో మనిషి నడిచేంత చోటు, ఒక్క చినుకు పడకుండా పొడిగా ఉంది. ఆయన ఏదో చెబుతూ ఆ పక్కకి తల తిప్పి, జవాబు విని నవ్వుతున్నాడు. వెనక రోడ్డుమీద రెండు జతల తడి అడుగులు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

కళ్ళజోళ్ళావిడ పరిగెత్తలేదు. వాళ్ళు తన దగ్గరికి వచ్చేదాకా ఆగింది. వానలోంచి గొంతు వినిపించింది.

"ఎంతసేపటినుంచి నిలబడ్డావు తల్లీ?"

"ఎంతోసేపు కాలేదమ్మా," అంది కళ్ళజోళ్ళావిడ.

ఆమె గొడుగు కిందికి వచ్చి, నాన్నకీ ఆ పొడి చోటుకీ మధ్య ఇరుక్కుని నిలబడింది. రేడియో బాబాయికి ఇప్పుడు నెత్తిమీద కూడా గొడుగు చాలలేదు. ఆయన పట్టించుకోలేదు. ముగ్గురూ కళ్ళజోళ్ళ దుకాణం వైపు నడిచారు. పరిశోధకురాలు స్కూటరు తోసుకుంటూ, కొంచెం దూరం ఉంచి, వెనకే నడిచింది.

కాలవ వంతెన దాటాక కళ్ళజోళ్ళావిడ చీర అంచుకి చెయ్యి తుడుచుకుని ఫోను తీసింది.

"నేనే," అంది. "కౌంటరు పక్కన పెట్టె ఉంది చూడు, తాళంచెవి డ్రాయరులో ఉంది. అందులో బట్టలు తీసి బీరువాలో సర్దెయ్యి. ఇంటికొస్తున్నాం. ముగ్గురం."

అవతల అద్దాలు అరగదీసే యంత్రం ఆగింది. ఫోనులో వాన చప్పుడు అతనికి వినిపిస్తూనే ఉండాలి. ఎవరెవరని అతను అడగలేదు.

"తడుస్తూ వస్తున్నారా? మూడు తువ్వాళ్ళు తీసి పెడతా," అన్నాడు.